క్వార్ట్జ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: పొలం గట్టు మీది పలుగు రాయి నుంచి అమెథిస్ట్ దాకా

నాకు చిన్నప్పటి నుంచి రాళ్ళంటే ప్రాణం. మా నాయనమ్మ తులసికోట చుట్టూ తెల్ల పలుగు రాళ్ళు పేర్చేది. వాన పడితే వాటిని ఒక్కొక్కటిగా తిప్పి చూసుకుంటూ కూర్చునేవాణ్ణి. ఇప్పుడు తెలిసినవాళ్ళు, వాళ్ళకు తెలిసినవాళ్ళు వాట్సాప్‌లో ఫొటోలు పంపి "ఇదేం రాయి?" అని అడుగుతుంటారు. ఆ ఫొటోల్లో ఎక్కువ భాగం క్వార్ట్జే. ఒకే రాయి ఇన్ని వేషాల్లో కనిపిస్తుంటే ఎవరైనా తికమకపడతారు. అందుకే పదే పదే వచ్చే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టాను.

పలుగు రాయి, స్ఫటికం, క్వార్ట్జ్... మూడూ ఒకటేనా?

పదార్థం ఒకటే: సిలికాన్, ఆక్సిజన్ కలిసిన సిలికాన్ డయాక్సైడ్. పొలాల్లో, వంకల పక్కన తెల్లగా కనిపించే గట్టి రాయిని మనవాళ్ళు పలుగు రాయి అంటారు. అదే పదార్థం నీళ్ళంత తేటగా ఏర్పడితే స్ఫటికం. పుస్తకాల్లో, వ్యాపారంలో వాడే పేరు క్వార్ట్జ్.

పేర్లతో ఒక చిక్కు ఉంది. స్ఫటికం అనే మాటకు మన భాషలో రెండు అర్థాలు. స్ఫటిక మాల అన్నప్పుడు అది తేటగా ఉండే క్వార్ట్జ్. ఉప్పు స్ఫటికాలు, చక్కెర స్ఫటికాలు అన్నప్పుడు లోపల పరమాణువులు ఒక వరసలో పేర్చినట్టుండే ఏ పదార్థమైనా కావచ్చు. పటిక అనే మాట కూడా స్ఫటికం నుంచి వచ్చిందే. కానీ బురద నీళ్ళు తేరడానికి వేసే పటిక వేరే పదార్థం. అది నీళ్ళలో కరుగుతుంది, నాలుక మీద పెడితే వగరుగా ఉంటుంది. క్వార్ట్జ్‌ను ఏళ్ళ తరబడి నీళ్ళలో నానబెట్టినా ఏమీ కాదు. నదుల ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జే ఎందుకుంటుందంటే ఇందుకే. కొండ రాయిలోని మిగతా ఖనిజాలు ఎండకూ వానకూ మెల్లగా మట్టి అయిపోతాయి, క్వార్ట్జ్ రేణువు మాత్రం మిగులుతుంది. గూడూరు దగ్గరి చిల్లకూరు వైపు గాజు పరిశ్రమల కోసం తవ్వే తెల్ల ఇసుక కూడా క్వార్ట్జే.

చూసి గుర్తుపట్టడం ఎలా?

ముందు దాని అసలు రూపం చెప్తాను. ఖాళీలో నిదానంగా పెరిగే అవకాశం దొరికితే క్వార్ట్జ్ ఆరు పలకల పెన్సిల్‌లా పెరుగుతుంది. కొసన ఆరు ముఖాలు కలిసి గోపురంలా మొన తేలతాయి. పక్క ముఖాల మీద వేలి గోరుతో మెల్లగా కింది నుంచి పైకి గీయండి. సన్నటి అడ్డగీతలు తగులుతాయి. ఎండకు ఏటవాలుగా పట్టుకుంటే నిచ్చెన మెట్లలా కనిపిస్తాయి కూడా. నిలువు గీతలు కావు, అడ్డగీతలు. ఈ ఒక్క గుర్తుతోనే చాలాసార్లు తేలిపోతుంది.

స్ఫటికం లావుగా ఉన్నా, బక్కగా ఉన్నా, ఒక ముఖం పెద్దదై ఇంకోటి చిన్నదైనా, పక్కపక్క ముఖాల మధ్య కోణం మాత్రం మారదు. నికోలస్ స్టెనో అనే డెన్మార్క్ పండితుడు 1669లోనే దీన్ని గమనించి రాశాడు. ఖనిజాల శాస్త్రం అక్కడి నుంచే ఊపందుకుంది.

ఇక పగిలిన ముక్క అయితే పగిలిన చోటు చూడాలి. క్వార్ట్జ్‌కు అభ్రకంలా పొరలు ఉండవు, ఒక తీరులో చీలదు. సీసా అడుగు పగిలినప్పుడు వచ్చే వంపులు, గవ్వ మీది గీతల్లాంటి వలయాలు వస్తాయి. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ స్కేలు మీద దీనిది 7. మామూలు చాకుకు గీత పడదు, పైగా ఇనుప గుర్తు రాయి మీదే మిగులుతుంది. గాజును మాత్రం సులువుగా గీస్తుంది.

గ్రానైట్‌లో చూడాలంటే హైదరాబాద్‌లో ఏ బండ దగ్గరైనా ఆగండి. గులాబీ రంగులోనో తెల్లగానో పలకలుగా మెరిసేవి ఫెల్డ్‌స్పార్, నల్ల చుక్కలు అభ్రకమో అలాంటివో. వాటి మధ్య తడిసిన కల్లుప్పు పలుకుల్లా బూడిద రంగులో, ఏ ఆకారమూ లేకుండా ఇరుక్కుని కనిపించేదే క్వార్ట్జ్.

మరి మా ఊరి పలుగు రాళ్ళకు ఆరు పలకలు ఎందుకు లేవు?

పెరగడానికి చోటు దొరకలేదు కాబట్టి. భూమి లోపల వేడి నీళ్ళు సిలికాను, అంటే పైన చెప్పిన సిలికాన్ డయాక్సైడ్‌నే, కరిగించుకుని బండల పగుళ్ళలోకి ఎక్కుతాయి. చల్లబడే కొద్దీ సిలికా పగులు గోడలకు పట్టుకుంటుంది. రెండు వైపుల నుంచీ స్ఫటికాలు పెరిగి మధ్యలో ఒకదాన్నొకటి నొక్కేసుకుంటాయి. పగులంతా నిండి తెల్లటి గోడలా తయారవుతుంది. చుట్టూ ఉన్న రాయి అరిగిపోయాక ఆ గోడ బయటపడి ముక్కలై పొలమంతా చెల్లాచెదురవుతుంది. తెలంగాణలో, రాయలసీమలో దున్నినప్పుడల్లా బయటపడే పలుగు ముక్కలు చాలావరకు ఇలా వచ్చినవే. బావి తవ్విన మట్టిలో, పగులు పూర్తిగా నిండకుండా చిన్న బొరియ మిగిలిన చోట, వేలెడంత స్ఫటికాలు కనిపిస్తాయి. నాకు మొట్టమొదట దొరికిన ఆరు పలకల ముక్క అలాంటి మట్టి కుప్పలోదే. సగం విరిగిపోయింది, అయినా ఇంకా నా బల్ల మీదే ఉంది.

తెలుపు రంగు సంగతి కూడా చెప్పాలి. పెరిగేటప్పుడు లెక్కలేనన్ని సన్న నీటి బుడగలు లోపల చిక్కుకుంటాయి. వెలుగు వాటి మీద పడి చెదిరిపోవడం వల్ల తెల్లగా కనిపిస్తుంది. సబ్బు నురుగు తెల్లగా ఉండటానికీ కారణం ఇలాంటిదే.

తొలకరికి మా పొలంలో మెరిసే రాయి దొరికింది. వజ్రమేనా?

కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి, అనంతపురం జిల్లా వజ్రకరూరు ప్రాంతాల్లో తొలకరి పడగానే జనం పొలాల్లో వజ్రాలు వెతుకుతారు. అక్కడ నిజంగానే దొరుకుతాయి. కానీ అదే మట్టిలో క్వార్ట్జ్ ముక్కలు అంతకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కూలి మానుకుని, చెట్ల కింద పడుకుని రోజుల తరబడి వెతికినవాళ్ళు ఆ రాయిని గుడ్డలో కట్టుకుని ఎంత ఆశగా తెస్తారో చూశాను. వాళ్ళ టెన్షన్ నాకు తెలుసు. అందుకే ఈ జవాబు కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

గాజును గీస్తే వజ్రమే అని ఊళ్ళో అంటారు. ఆ మాట నమ్మకండి. క్వార్ట్జ్ కూడా గాజును గీస్తుంది. సుత్తితో కొడితే పగలనిదే వజ్రం అని ఇంకో మాట. ఇది మరీ ప్రమాదం. వజ్రం గట్టిదే కానీ సుత్తి దెబ్బకు చీలిపోతుంది. ఈ మాట నమ్మి కొడితే అసలు వజ్రమే చేతులారా ముక్కలవుతుంది.

ముందు ఆకారం చూడండి. ఆరు పలకల కడ్డీ, అడ్డగీతలు ఉంటే అది క్వార్ట్జ్, ఇంక ఆలోచించక్కర్లేదు. వజ్రం ఎక్కువగా ఎనిమిది ముఖాలతో, రెండు పిరమిడ్లు అడుగులు కలిపి అతికించినట్టు ఉంటుంది. అంచులు తరచూ గుండ్రంగా అరిగి ఉంటాయి. మెరుపులోనూ తేడా ఉంది. క్వార్ట్జ్‌ది గాజు మెరుపు. సాన పట్టని వజ్రానిది నూనె చెయ్యి తగిలినట్టు జిడ్డుగా ఉండే మెరుపు. కడిగి ఆరబెట్టినా ఆ జిడ్డుతనం పోదు. బరువు కూడా తేడాయే. నీటితో పోలిస్తే క్వార్ట్జ్ 2.65 రెట్లు, వజ్రం సుమారు 3.5 రెట్లు బరువు. నోటి ఆవిరి ఊదితే వజ్రం మీది మసక దాదాపు అప్పటికప్పుడే పోతుంది, క్వార్ట్జ్ మీద కాసేపు నిలుస్తుంది. ఎందుకంటే వజ్రంలో వేడి చాలా వేగంగా పాకుతుంది. నగల దుకాణాల్లో ఉండే పెన్నులాంటి టెస్టర్ పనిచేసేది కూడా ఈ సూత్రం మీదే.

ఇన్ని చూశాక కూడా అనుమానం మిగిలితే రత్నాల ల్యాబ్‌లో చూపించండి. రాయి ఇంకొకరి చేతికి ఇచ్చే ముందు తూకం వేసి, ఫొటో తీసి పెట్టుకోండి.

ఒకే పదార్థానికి ఇన్ని రంగులు ఎలా వస్తాయి?

కల్తీ లేని క్వార్ట్జ్‌కు రంగే లేదు. రంగంతా లోపల చేరిన ఇతర పదార్థాల వల్ల, చుట్టూ ఉన్న రాళ్ళ నుంచి లక్షల ఏళ్ళుగా సోకిన సహజ రేడియేషన్ వల్ల వస్తుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అమెథిస్ట్. నేరేడు పండు రంగు. స్ఫటికంలో రవ్వంత ఇనుము చేరి, దానికి రేడియేషన్ సోకితే ఊదా రంగు తేలుతుంది. ఒక ముక్క తీసుకుని కిటికీ వైపు పట్టుకుని చూడండి. రంగు అంతటా సమానంగా ఉండదు. కొసల దగ్గర చిక్కగా, అడుగుకు వచ్చేసరికి పలచగా, మధ్యలో కోణాలు తిరిగిన పట్టీలుగా ఉంటుంది. స్ఫటికం ఏ దశలో ఎంత ఇనుము మింగిందో ఆ పట్టీలే చెప్తాయి. ఒకప్పుడు యూరప్ రాజులు దీన్ని కెంపుతో సమానంగా చూసేవారు. 19వ శతాబ్దంలో బ్రెజిల్, ఉరుగ్వేలలో గుట్టలుగా దొరికాక ధర పడిపోయింది. అందం మాత్రం తగ్గలేదు.

ఇనుముకు బదులు అల్యూమినియం చేరి రేడియేషన్ సోకితే పొగ రంగు, అదే స్మోకీ క్వార్ట్జ్. లేత టీ రంగు నుంచి దాదాపు నలుపు దాకా ఉంటుంది. రోజ్ క్వార్ట్జ్‌ది వేరే కథ. దానిలో కంటికి కనిపించనంత సన్నటి గులాబీ రంగు ఖనిజపు నారలు ఉంటాయి. అందుకే అది ఎప్పుడూ కాస్త మసకగా ఉంటుంది, మొన తేలిన స్ఫటికాలుగా దొరకదు. మొన తేలిన గులాబీ స్ఫటికాలు అరుదుగా ఉన్నాయి గానీ వాటి రంగుకు కారణం వేరు.

తేటగా ఉన్న స్ఫటికంలో బంగారు సూదులు గుచ్చినట్టు కనిపిస్తే అవి రూటైల్ అనే టైటానియం ఖనిజం. నల్ల సూదులైతే టూర్మలీన్. పచ్చగా ఉండి, తిప్పితే లోపల తళుకులు మెరిసేది అవెంచురిన్. ఆ తళుకులు క్రోమియం కలిసిన ఆకుపచ్చ అభ్రకం రేకులవి. దీన్ని ఇండియన్ జేడ్ అని అమ్ముతుంటారు గానీ జేడ్ అనే ఆకుపచ్చ రత్నానికీ దానికీ సంబంధం లేదు.

నేను కొన్న పసుపు రంగు సిట్రిన్ అసలుదేనా?

క్వార్ట్జే, కానీ పుట్టినప్పుడే పసుపు రంగులో ఉందా అన్నది వేరే ప్రశ్న. సహజమైన సిట్రిన్ అరుదు. బజారులో దొరికేదాంట్లో ఎక్కువ భాగం అమెథిస్ట్‌ను నాలుగైదు వందల డిగ్రీల దాకా కాల్చి పసుపు తెప్పించినది. అడుగున తెల్లగా ఉండి, కొసలు మాత్రం కాలిన నారింజ రంగులో ఉన్న గుత్తి అయితే కాల్చిందనే అనుకోవచ్చు. సహజ సిట్రిన్ రంగు లేతగా, పలచటి తేనెలా ఉంటుంది. కాల్చడం తప్పు కాదు, చెప్పకపోవడమే తప్పు. ఒకే రాయిలో సగం ఊదా, సగం పసుపు ఉండే అమెట్రిన్ కూడా ఉంది. దానికి బొలీవియాలోని అనాహీ గని ప్రసిద్ధి.

అగేట్, కార్నీలియన్, జాస్పర్ కూడా క్వార్ట్జేనా? అసలు పోలికే లేదు కదా?

క్వార్ట్జే. ఇక్కడ పలుకులు మామూలు సూక్ష్మదర్శినికి కూడా సరిగా అందనంత సన్నం, ఒకదాంట్లో ఒకటి అల్లుకుపోయి ఉంటాయి. అందుకే ఆరు పలకలు కనిపించవు. మైనంలా నున్నగా, వెలుగు సగం దాటేలా ఉంటుంది. ఈ జాతి మొత్తానికి చాల్సిడనీ అని పేరు. పట్టీలుంటే అగేట్, ఇనుము వల్ల ఎర్రనారింజగా ఉంటే కార్నీలియన్, నికెల్ వల్ల లేత ఆకుపచ్చగా ఉంటే క్రిసోప్రేజ్. మలినాలు బాగా కలిసి వెలుగు అసలు దాటకపోతే జాస్పర్. పాత రోజుల్లో నిప్పు రాజేసిన చెకుముకి రాయిదీ ఇదే కుటుంబం.

అగేట్ కోసం మనం ఎక్కడికో వెళ్ళనక్కర్లేదు. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందట దక్కన్ మీద లావా పొరలు పొరలుగా పారింది. ఆదిలాబాద్, జహీరాబాద్, వికారాబాద్ వైపు నల్లరేగడి కింద ఉన్నది ఆ లావా రాయే. అది గడ్డకట్టేటప్పుడు లోపలి గాలి బుడగలు బొరియలుగా మిగిలిపోయాయి. తర్వాత సిలికా కలిసిన నీళ్ళు ఊరి ఊరి, గోడల నుంచి లోపలికి ఒక్కో పొరగా పేరుకున్నాయి. ఆ పొరలే అగేట్ పట్టీలు. కొన్నిటిలో బొరియ మధ్యలో ఖాళీ మిగిలి, అక్కడ ఆరు పలకల స్ఫటికాలు మొలుస్తాయి. దక్కన్ నుంచి వచ్చే కృష్ణా, గోదావరి నదుల గులకరాళ్ళలోనూ అగేట్ ముక్కలు దొరుకుతాయి. గరుకుగా, మట్టి రంగులో ఉన్న గులకరాయిని తడిపి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి చూడండి. పట్టీలు ఒక్కసారిగా వెలుగుతాయి. ఆ క్షణం కోసమే నేను ఎండలో గంటలు నడుస్తాను.

గుజరాత్‌లోని రతన్‌పూర్ దగ్గర తవ్విన రాళ్ళను కాల్చి, ఖంభాత్‌లో పూసలుగా చెక్కే పని నేటికీ ఉంది. కాలిస్తే లోపలి ఇనుము రంగు మారి ఎరుపు తేలుతుంది. సింధు నాగరికత కాలంలోనే ఈ విద్య మనవాళ్ళకు తెలుసు. వాళ్ళు చేసిన కార్నీలియన్ పూసలు ఇరాక్‌లోని ఊర్ రాజసమాధుల్లో దొరికాయి. చార్మినార్ దగ్గర వెండి ఉంగరాల్లో కనిపించే అకీక్ రాయి కూడా ఇదే.

కళ్ళు చెదిరే గులాబీ, నీలం రంగుల అగేట్ పలకలు మాత్రం రంగు వేసినవి. నల్ల ఓనిక్స్ అనే పేరుతో అమ్మే నల్లటి అగేట్‌లో కూడా చాలావరకు అంతే. అగేట్‌ను చక్కెర పాకంలో నానబెట్టి, తర్వాత సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేస్తే లోపలి చక్కెర బొగ్గై రాయి నల్లబడుతుంది.

స్ఫటిక మాల, స్ఫటిక లింగం అసలువో గాజువో ఎలా తెలుస్తుంది?

లింగమో, గోళమో అయితే ఇంట్లోనే చూడొచ్చు. తెల్ల కాగితం మీద పెన్నుతో ఒక సన్న గీత గీసి, దాని మీద గోళం పెట్టి పైనుంచి చూస్తూ మెల్లగా తిప్పండి. స్ఫటికమైతే ఏదో ఒక దిక్కున గీత రెండుగా చీలి కనిపిస్తుంది, ఇంకో దిక్కున మళ్ళీ ఒకటవుతుంది. గాజులో ఎటు తిప్పినా ఒక్కటే గీత. వెలుగును రెండుగా విడదీసే గుణం గాజుకు లేదు.

చిన్న పూసల్లో ఇది పట్టుకోవడం కష్టం. అక్కడ భూతద్దంతో గుండ్రటి గాలి బుడగల కోసం చూడండి. కనిపిస్తే గాజు. బుగ్గకు ఆనిస్తే స్ఫటికం ఎక్కువ చల్లగా తగులుతుంది, వేడెక్కడానికీ టైమ్ తీసుకుంటుంది. మచ్చ ఒక్కటీ లేకుండా, పెద్ద మాల మరీ చవగ్గా వస్తుంటే అనుమానించండి. ఫ్యాక్టరీలో పెంచిన క్వార్ట్జ్ కూడా వస్తోంది. అది గాజు కాదు, నిజమైన క్వార్ట్జే. దాన్ని సహజమైనదాని నుంచి వేరు చేయాలంటే ల్యాబ్‌కు వెళ్ళాల్సిందే.

మన నేలలో స్ఫటికానికి ఉన్న గౌరవం ఈనాటిది కాదు. బాపట్ల జిల్లా భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ తవ్వకాలు జరిపితే, బుద్ధుని ధాతువులు (అవశేషాలు) స్ఫటిక భరిణెలో బయటపడ్డాయి. వజ్రానికి, మరి కొన్నిటికి మాత్రమే లొంగే ఆ రాయిని, లోపల తొలిచి, మూత కుదిర్చి, అద్దంలా మెరుగు పెట్టిన చేతులను తలచుకుంటే దండం పెట్టాలనిపిస్తుంది.

స్ఫటికాలు ధరిస్తే జబ్బులు తగ్గుతాయా?

తగ్గుతాయని రుజువు లేదు. పూజకు, ఇష్టానికి పెట్టుకోండి. మందులు మాత్రం మానకండి.

రెండు పలుగు రాళ్ళు రాపాడిస్తే చీకట్లో వెలుగు వస్తుందంటారు. నిజమేనా?

నిజం. అమావాస్య రాత్రి దుప్పటి కిందకు దూరి, పిడికెడు సైజు రాళ్ళు రెండు గట్టిగా ఒత్తి రుద్దండి. నారింజ పసుపు వెలుగు రాయి లోపల నుంచి వచ్చినట్టు ఒక్క క్షణం తేలుతుంది. కాలిన వాసన కూడా ముక్కుకు తగులుతుంది. నీళ్ళ బకెట్లో ముంచి రుద్దినా వెలుగు వస్తుంది, కాబట్టి అది నిప్పు కాదు. రాయి చిట్లేటప్పుడు విడుదలయ్యే శక్తే అలా వెలుగవుతుంది. చెకుముకి రవ్వ వేరు. అక్కడ మండేది రాయి కాదు, రాయి దెబ్బకు లేచిన ఉక్కు పొడి. పిల్లలతో చేయిస్తే కళ్ళద్దాలు పెట్టండి, ముక్కలు ఎగురుతాయి.

గడియారం మీద రాసి ఉండే క్వార్ట్జ్ ఇదేనా?

ఇదే. క్వార్ట్జ్‌ను నొక్కితే కరెంటు పుడుతుందని జాక్ క్యూరీ, పియరీ క్యూరీ అన్నదమ్ములు 1880లో కనుక్కున్నారు. తిరగేసి కరెంటు ఇస్తే అది వణుకుతుంది. గడియారంలోని చిన్న క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు వణుకుతుంది. దాన్ని పదిహేనుసార్లు సగం చేస్తూ పోతే సరిగ్గా ఒకటి మిగులుతుంది. ముల్లు ఆ ఒక్కదానికే కదులుతుంది. 1969 డిసెంబర్‌లో జపాన్‌కు చెందిన సీకో మొదటి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టింది. ఇప్పుడు ఈ ముక్కలను ఫ్యాక్టరీలో పెంచిన స్ఫటికాల నుంచే కోస్తారు.

గండికోట లోయ క్వార్ట్జ్ అంటారు, కాదు క్వార్ట్జైట్ అంటారు. ఏది కరెక్ట్?

క్వార్ట్జైట్. అది ఒకప్పటి ఇసుక. రేణువుల మధ్య సిలికా చేరి ఎంత గట్టిగా అతుక్కుపోయిందంటే, కొడితే పగులు రేణువుల చుట్టూ పోదు, రేణువులనే చీల్చుకుంటూ పోతుంది. అంటే క్వార్ట్జ్ ఖనిజం, క్వార్ట్జైట్ దానితో తయారైన రాయి. పెన్నా అంత లోతుగా కోసినా ఆ గోడలు నిటారుగా నిలబడటానికి కారణం ఆ గట్టిదనమే.

వంటింటికి క్వార్ట్జ్ స్లాబ్ వేయించొచ్చా?

వేయించొచ్చు. కానీ అది గనిలో తీసిన పలక కాదు. పొడి చేసిన క్వార్ట్జ్ తొంభై శాతం దాకా, మిగతాది ప్లాస్టిక్ లాంటి రెజిన్, రంగులు. పొయ్యి మీది మూకుడు నేరుగా దించితే రెజిన్ మాడి మచ్చ పడుతుంది. గ్రానైట్‌కు ఆ బెడద తక్కువ.

నాకు బాధ కలిగించేది దాన్ని కోసే పని. ఆ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ అనే జబ్బు వస్తుంది, వస్తే పూర్తిగా నయం కాదు. ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఈ స్లాబులనే నిషేధించింది. మీ ఇంట్లో పనివాళ్ళు పొడిగా కోస్తుంటే ఆపించండి. నీళ్ళు పోస్తూ కోయాలి, మంచి మాస్కు ఉండాలి. పలుగు రాళ్ళు నూరే మిల్లుల్లో పనిచేసేవాళ్ళకూ ఇదే ప్రమాదం.

సేకరించడం మొదలుపెట్టాలంటే ఏం చేయాలి?

ఒక చిన్న భూతద్దం, పాత టూత్‌బ్రష్ చాలు. కొత్తగా తవ్విన బావుల మట్టి, నీళ్ళు తగ్గిన ఏటి ఒడ్డు మంచి చోట్లు. పొలమైతే రైతునడిగి దిగండి, గనుల్లోకి మాత్రం అనుమతి లేకుండా వెళ్ళకండి. ఇంటికి తెచ్చాక సబ్బు నీళ్ళతో కడిగితే చాలు, ఆమ్లాల జోలికి పోవద్దు. అమెథిస్ట్‌ను ఎండ తగిలే కిటికీలో పెట్టకండి, ఏళ్ళు గడిచేకొద్దీ రంగు వెలిసిపోతుంది. ప్రతి రాయి కింద ఒక చీటీ పెట్టి, ఏ ఊరు, ఏ వంక, ఏ రోజు అని రాసుకోండి. నా మొదటి ముక్కకు నేను ఆ చీటీ రాయలేదు. ఏ బావి మట్టిలో దొరికిందో ఇప్పుడు ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు.